కాదిస్‌లో కార్నివాల్ వారం

గురువారం

దక్షిణ స్పెయిన్‌లో సెవిల్ నుంచి రేవు పట్టణమైన కాదిస్‌కు వెళ్ళే రైలు చివరి భాగంలో ఉప్పు మడుల మధ్యగా సాగుతుంది. సాన్ ఫెర్నాందో దాటాక పట్టాలు సన్నని ఇసుక మేట మీదికి చేరుకుంటాయి. కుడివైపు అఖాతం, ఎడమవైపు అట్లాంటిక్ మహాసముద్రం ఉంటాయి. పూర్వం విడివిడి దీవులుగా ఉన్న నేల కాలక్రమంలో ఇసుకతో పూడి, కలిసిపోయి ఈ రూపానికి వచ్చింది. ఆ మేట కొసన, చుట్టూ కట్టిన గోడలతో సముద్రాన్ని ఎదుర్కొంటూ పాత పట్టణం ఉంది. దానిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి రావడానికి అరగంట చాలు.

పశ్చిమ ఐరోపాలో నేటికీ జనం కాపురముంటున్న పట్టణాలన్నిటిలోనూ తమదే పాతదని ఇక్కడివారు చెప్పుకుంటారు. ట్రాయ్ యుద్ధం ముగిసిన ఎనభై ఏళ్ళకు, అంటే సుమారు క్రీ.పూ. 1100లో, నేటి లెబనాన్‌లోని తూరు నగరం నుంచి వచ్చిన ఫినీషియన్లు అనే సముద్ర వర్తకులు గాదిర్ అనే పేరుతో దీనిని స్థాపించారని ప్రాచీన రచయితలు రాశారు. తవ్వకాలలో దొరికిన ఆధారాలు మాత్రం క్రీ.పూ. 9వ శతాబ్దం దాకానే తీసుకువెళ్తాయి. ఆ రెండు వందల ఏళ్ళ తేడాను గురించి పట్టణంలో ఎవరూ కలత చెందినట్టు కనిపించలేదు.

ఇంత వయసు ఉన్నా, కంటికి ఆనే పురాతన కట్టడాలు ఇక్కడ తక్కువే. 1596లో ఆంగ్ల, డచ్ నౌకాదళాలు పట్టణాన్ని దోచుకొని తగలబెట్టినందువల్ల, నేడు మనం నడిచే వీధులలో అధిక భాగం ఆ తరువాతి రెండు శతాబ్దాలలో లేచినవి. కట్టడాల జాబితా చేతబట్టుకొని వచ్చినవారు ఒక్క పూటలో పని ముగించుకొని వెళ్ళిపోతారు. కాదిస్ తన చరిత్రను రాతిలో కంటే ఉప్పులోనూ, చేపలోనూ, పాటలోనూ దాచుకున్నదని నా అభిప్రాయం. ఫిబ్రవరిలో, క్రైస్తవుల ఉపవాస కాలానికి ముందు పాటలతో, వేషాలతో సాగే కార్నివాల్ ఉత్సవం జరిగే వారాన్ని ఎంచుకొని వెళ్ళడానికి కారణమూ అదే.

సాయంత్రం వీధుల్లో తిరుగుతూ గోడలను దగ్గరగా చూశాను. గవ్వలూ ఆల్చిప్పల ముక్కలూ ఇసుకతో కలిసి గట్టిపడిన ఒక రకం రాయితో ఇక్కడి కోటగోడలనూ, పాత ఇళ్ళనూ కట్టారు. సున్నం రాలిన చోటల్లా ఆ గవ్వలు బయటపడతాయి. మలుపుల దగ్గర పాత ఫిరంగులను నిలువుగా పాతిపెట్టారు. గుర్రపు బండ్ల చక్రాలు ఇంటి మూలలను ఒరుసుకొని పగలగొట్టకుండా చేసిన ఏర్పాటు అది.

శుక్రవారం

మీనా చౌకులోని మ్యూజియంలో రెండు ఫినీషియన్ శవపేటికలు పక్కపక్కనే ఉన్నాయి. మూత మీద మనిషి ఆకారం చెక్కిన పాలరాతి పేటికలు అవి; ఒకటి గడ్డమున్న పురుషుడిది, రెండవది స్త్రీది; రెండూ క్రీ.పూ. 5వ శతాబ్దానికి చెందినవి. పురుషుడి పేటిక 1887లో బయటపడింది. తరువాతి కాలంలో ఈ మ్యూజియానికి అధిపతిగా పనిచేసిన పెలాయో కింతేరో అనే పురావస్తు పరిశోధకుడు, ఆ పురుషుడికి జోడీగా ఒక స్త్రీ పేటిక ఈ నేలలోనే ఎక్కడో ఉండితీరుతుందని నమ్మి, ఏళ్ళ తరబడి తవ్వకాలు జరిపి, అది కంటపడకుండానే 1946లో కన్నుమూశాడు. 1980లో ఒక కొత్త భవనానికి పునాదులు తీస్తున్నప్పుడు స్త్రీ పేటిక దొరికింది. ఆయన ఒకప్పుడు నివసించిన ఇంటి స్థలంలోనే దొరికింది. పట్టణమంతా వెతికిన మనిషి దాని మీదే నిద్రపోయాడన్నమాట. ఈ కథను మ్యూజియంలో ఎంత గంభీరంగా చెప్తారో, బయట బార్లలో అంత నవ్వుతూ చెప్తారు. నాకు రెండవ పద్ధతే ఎక్కువ న్యాయమనిపించింది, ఎందుకంటే కాదిస్ స్వభావం అందులోనే ఉంది.

అక్కడికి కొద్ది దూరంలో, పూర్వం నుంచీ ఈ పట్టణానికి పేరు తెచ్చిన తీయా నొరీకా అనే తోలుబొమ్మల వంటి ఆటకు, నిజానికి తీగలతో ఆడించే కీలుబొమ్మల ఆటకు, ఒక థియేటర్ ఉంది. దాని అడుగున, నేటి వీధి మట్టానికి చాలా లోతున, ఫినీషియన్ల వీధులూ ఇళ్ళూ బయటపడ్డాయి. మట్టి గోడలు, రొట్టెలు కాల్చిన పొయ్యిలు, తడి నేల మీద పశువుల గిట్టలు దిగిన గుర్తులు చూడవచ్చు. ఒక అగ్నిప్రమాదంలో చనిపోయిన మనిషి అస్థికలు, ఒక పిల్లి అస్థిపంజరం కూడా ఉన్నాయి. పైన బొమ్మలాటకు పిల్లలు నవ్వుతుంటే కింద మనం ఆ పిల్లి ఎముకలను చూస్తుంటాము.

మధ్యాహ్నం పూల చౌకులో చేపలు వేయించి అమ్మే దుకాణం ముందు వరుసలో నిలబడ్డాను. ఇక్కడ చేపను తూకం వేసి కాగితపు పొట్లంలో కట్టి ఇస్తారు, నిలబడే తినాలి. సొర చేప ముక్కలను వెనిగర్, వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో కలిపిన పులుపులో ఊరబెట్టి, పిండిలో దొర్లించి వేయించినది కాదిస్ వారికి ప్రాణం. దానికంటే నాకు నచ్చినది మాత్రం కమరోన్ల తోర్తియీతా. అఖాతపు బురద కాలువలలో దొరికే గోరంత రొయ్యలను వలవకుండా, తలా తోకా తీయకుండా, ఉల్లి, పార్స్లీ తరుగుతో సహా పలుచని పిండి జారులో కలిపి, గరిటెతో కాగే నూనెలో పరుస్తారు. ఆ జారులో గోధుమపిండితో పాటు శనగపిండి కూడా పడుతుంది కనుక, మొదటి ముక్క నోట పెట్టుకోగానే సాయంకాలం పకోడీల బండి ముందు నిలుచున్నట్టే ఉంది. అంచులు సన్నని జాలీలా విరగాలి, నూనె ఓడకూడదు. మందంగా వేసిన తోర్తియీతాను ఇక్కడివారు క్షమించరు.

రాత్రి జరిగినదే అసలు సంగతి. కార్నివాల్‌కు ముందు కొన్ని వారాల పాటు ఫాయా థియేటర్‌లో పాటల బృందాల పోటీ జరుగుతుంది. తుది పోటీ ఈ శుక్రవారమే. ఎర్ర ఇటుకలతో, గుర్రపు నాడా ఆకారపు తోరణాలతో కట్టిన ఆ థియేటర్ ఈ పట్టణంలోనే పుట్టిన సంగీతకారుడు మాన్వెల్ దె ఫాయా పేరు మీద ఉంది. టికెట్టు దొరకడం దుర్లభం. నేనూ అందరిలాగే ఒక బారులో టెలివిజన్ ముందు కూర్చున్నాను. బృందాలు నాలుగు రకాలు. చిరిగోతా వారిది హాస్యం. ఒక వేషం, ఒక గిటారు, ఒక పెద్ద డోలు, పీకలో ఊదినట్టు మోగే వెదురు పీపీ ఉంటే చాలు, మంత్రినైనా మేయరునైనా ఉతికి ఆరేస్తారు. కోంపార్సా వారిది గంభీరమైన, కరుణతో కూడిన పాట. కోరో అంటే నలభై మందికి పైగా గొంతులు, తీగ వాద్యాలు. క్వార్తేతో వారు ప్రాసతో కూడిన సంభాషణలు చెప్తారు. పాటలన్నీ ఆ ఏటికి కొత్తగా రాసుకున్నవే కావాలి. గత ఏటి పాట ఎంత బాగున్నా పోటీకి పనికిరాదు. నిరుడు దేశంలో జరిగిన ప్రతి కుంభకోణం, పెరిగిన ఇంటి అద్దె, మూతపడిన ఓడల కర్మాగారం, అన్నీ పాటలోకి వస్తాయి. నాకు అర్థమైనది సగమే. కాదిస్ ఉన్న అండలూసియా ప్రాంతం వారు మాటల చివరి హల్లులను మింగేస్తారు. పక్క బల్ల దగ్గరి పెద్దాయన ప్రతి చరణానికీ నెమ్మదిగా వ్యాఖ్యానం చెప్పకపోతే ఆ సగమూ దక్కేది కాదు. ఫలితాలు తెల్లవారుజామున వచ్చాయి. ఆయనకు నచ్చిన చిరిగోతా ఓడిపోయింది, న్యాయనిర్ణేతల మీద ఆయన చేసిన వ్యాఖ్యానాన్ని ఇక్కడ రాయలేను.

శనివారం

ఆలస్యంగా లేచి తవీరా బురుజు ఎక్కాను. సముద్ర మట్టానికి 45 మీటర్ల ఎత్తున, పాత పట్టణంలోకెల్లా ఎత్తైన ఆ బురుజు మీద 1994లో ఏర్పాటు చేసిన చీకటిగది కెమెరాలో, అద్దమూ కటకమూ పట్టి తెచ్చిన పట్టణపు బొమ్మ గుండ్రని తెల్లబల్ల మీద కదులుతూ కనిపిస్తుంది. ఆరేసిన దుప్పట్లు ఊగడం కూడా కనబడుతుంది. చుట్టూ చూస్తే మేడల మీద ఇలాంటి బురుజులు నూటికి పైగా ఉన్నాయి. అమెరికా నుంచి తమ ఓడ వస్తున్నదో లేదో చూసుకోవడానికి వర్తకులు కట్టుకున్నవి అవి.

కొలంబస్ తన రెండవ ప్రయాణానికి 1493 సెప్టెంబరులో 17 ఓడలతో ఈ రేవు నుంచే బయలుదేరాడు. అయితే పట్టణపు దశ తిరిగినది 1717లో, అమెరికా వర్తకాన్ని అజమాయిషీ చేసే కార్యాలయాన్ని సెవిల్ నుంచి ఇక్కడికి తరలించినప్పుడు. వెండి, కోకో, నీలి రంగు, పొగాకు అన్నీ ఈ రేవులోనే దిగాయి. బానిసల వర్తకంలోనూ ఈ రేవుకు పాలు ఉంది, దానిని గురించి గైడ్లు తక్కువగా మాట్లాడతారు. తవీరా బురుజును రేవుకు అధికారిక కావలి బురుజుగా ప్రకటించిన 1778లోనే, ఇతర స్పెయిన్ రేవులకూ అమెరికాతో నేరుగా వర్తకం చేసే హక్కు దక్కి, కాదిస్ గుత్తాధిపత్యం ముగిసింది.

మిరపకాయ సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ రెండవ ప్రయాణంలో వెంట వెళ్ళిన వైద్యుడు చాంకా మిరపను గురించి ఐరోపాకు తొలి వార్తలు రాసి పంపినవారిలో ఒకడు. తరువాత పోర్చుగీసుల ఓడల మీద అది మన తీరానికి చేరి, గుంటూరును గుంటూరుగా చేసింది. దానికి దారి తెరిచిన రేవులో మాత్రం కారం తినేవారు లేరు. నా తోర్తియీతాకు నంజుకోవడానికి పచ్చిమిరపకాయ దొరుకుతుందా అని అడిగితే, దుకాణదారు నిమ్మకాయ బద్ద ఇచ్చాడు.

మధ్యాహ్నం ఎల్ పోపులో పేటలో రోమన్ థియేటర్ చూశాను. అది కూడా 1980లోనే బయటపడింది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో దీనిని కట్టించిన బాల్బుస్ కుటుంబం ఇక్కడిదే. ఆ ఇంటి పెద్ద క్రీ.పూ. 40లో రోమ్‌కు కాన్సల్, అంటే అక్కడి అత్యున్నత అధికారి, అయ్యాడు, ఇటలీ బయట పుట్టినవాడికి ఆ పదవి దక్కడం అదే మొదటిసారి. థియేటర్‌లో ఒక భాగం ఇంకా ఇళ్ళ కిందే ఉంది.

శనివారం రాత్రిని గురించి క్లుప్తంగా చెప్పడం మేలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రైళ్ళ నిండా వేషధారులు దిగుతారు, తాగుతారు, వీధుల్లో సీసాలు పగులుతాయి. ఈ రాత్రి పై ఊళ్ళవాళ్ళది, మాది రేపు మొదలవుతుందని మేడ యజమానురాలు చెప్పి తలుపు వేసుకున్నది. ఆమె మాట నిజమైంది.

ఆదివారం

కోరోలు అలంకరించిన బండ్లెక్కి, ట్రాక్టర్లు లాగుతుండగా, ప్రధాన మార్కెట్టు చుట్టూ రోజంతా తిరుగుతూ పాడే రోజు ఇది. 1838లో స్తంభాల వరుసలతో కట్టిన ఆ మార్కెట్టు చుట్టూ ఉదయం పదకొండు గంటలకే కాలు పెట్టే చోటు లేదు. బండి ఆగుతుంది, పాట మొదలవుతుంది, జనం పల్లవి అందుకుంటారు, బండి నాలుగు గజాలు కదులుతుంది. కోరో వారి టాంగోకు అర్జెంటీనా టాంగోతో పోలిక లేదు. ఓడల వెంట క్యూబాకు పోయి తిరిగివచ్చిన లయలు అందులో కలిసి ఉన్నాయి.

ఆ టాంగోలలో ఒకదాని కథ చెప్పాలి. 1904లో, ట్యూనా చేపలు పట్టే చోట పనిచేసే కూలీలు చేపల వ్యర్థాన్ని పూడ్చడానికి సముద్రపు ఒడ్డున గోతులు తవ్వుతుండగా పాత వెండి నాణేలు బయటపడ్డాయి. వార్త పొక్కగానే పట్టణమంతా పలుగులతో, గిన్నెలతో, ఉత్త చేతులతో వచ్చి ఇసుకను తిరగేసింది. మరుసటి ఏడు కార్నివాల్‌లో ‘సుద్దముక్క మామ’ అని అందరూ పిలిచే అంతోనియో రొద్రీగెస్ తన కోరోతో ఆ వెర్రిని పాటగా కట్టి పాడించాడు. నేడు అది పట్టణపు గీతంతో సమానం. బండి మీద నుంచి దాని మొదటి స్వరం వినిపించగానే నా చుట్టూ ఉన్న ముసలివారూ పిల్లలూ ఒకే గొంతుతో అందుకున్నారు. దోసిళ్ళతో ఇసుక తోడుకున్న తమ తాతలను ఎగతాళి చేసే పాటను ఇంత ప్రేమగా పాడుకునే ఊరును నేను మరెక్కడా చూడలేదు.

ఈ నోటిని మూయించే ప్రయత్నం జరగకపోలేదు. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో, 1937లో, తరువాత నియంతగా దేశాన్ని ఏలిన ఫ్రాంకో పక్షం కార్నివాల్‌ను నిషేధించింది. 1947 ఆగస్టులో నౌకాదళపు మందుపాతరల గోదాము పేలి నూట యాభై మంది దాకా చనిపోయారు. ఆ దుఃఖంలో ఉన్న పట్టణానికి కొంత ఊరటగా, తరువాతి కాలంలో అధికారులు పాటలను మళ్ళీ అనుమతించారు. కానీ కార్నివాల్ అనే పేరు పెట్టనివ్వలేదు, ప్రతి చరణాన్నీ ముందుగా సెన్సారు చూసేది, చివరికి ఆ ‘స్థానిక ఉత్సవాలను’ మే నెలకు జరిపారు. ఫ్రాంకో మరణానంతరం, 1977లో, కార్నివాల్ తన పేరుతో తన ఫిబ్రవరికి తిరిగివచ్చింది.

సోమవారం

పట్టణానికి సెలవు. మ్యూజియాలు మూసి ఉన్నాయి. లా వీన్యా పేటకు వెళ్ళాను. పూర్వం జాలరులు ఉన్న పేట, కార్నివాల్‌కు పుట్టిల్లు. థియేటర్ పోటీతో సంబంధం లేని, ఎక్కడా పేరు నమోదు చేసుకోని చిరిగోతాలు ఇక్కడి సందుల్లో పాడుతాయి. వీటిని అక్రమ చిరిగోతాలు అంటారు. నలుగురైదుగురు స్నేహితులో, ఒక కుటుంబమో ఒకే వేషం వేసుకొని గుమ్మం ముందు నిలబడతారు. మైకు ఉండదు, బహుమతి ఉండదు. థియేటర్‌లో విన్నదానికంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది. పాట పదునుగా ఉన్నది, తప్పు పాడితే వాళ్ళే ముందు నవ్వారు.

లా పాల్మా వీధి పొడవునా బల్లలు వేసి సముద్రపు ముళ్ళకాయలను అమ్ముతున్నారు. బంతి ఆకారంలో నల్లగా ముళ్ళతో ఉండే ఆ ప్రాణిని కత్తెరతో పైన కోసి, లోపలి నారింజ రంగు గుజ్జును చెంచాతో తినమంటారు. సముద్రపు నీటి రుచి, వెనుక కొద్దిగా తీపి. అలవాటు పడవలసిన రుచి అది. నేను ఒకదానితో ఆపాను. మూల మీది కాసా మాంతేకా అనే పాత బారులో, గోడల నిండా ఎద్దుల పోరాటాల ఫొటోల మధ్య, ఉప్పు, నిమ్మరసం చల్లిన పలుచని పంది మాంసపు చీలికలను పళ్ళెంలో కాక కాగితం మీద వడ్డించారు.

ఈ వీధిలోనే ఒక ఫలకం ఉంది. 1755 నవంబరు 1న లిస్బన్ భూకంపం వెంట వచ్చిన ఉప్పెన ఈ వీధి దాకా చొచ్చుకువచ్చిందని, పాల్మా గుడి నుంచి మరియమ్మ ధ్వజాన్ని తెచ్చి ఎదురుగా నిలపగానే నీరు వెనుదిరిగిందని పేటవారి నమ్మకం. ఆనాడు ఇసుక మేట మీదుగా పారిపోబోయినవారిలో ఎంతోమంది కొట్టుకుపోయారు. కోటగోడల లోపల ఉండిపోయినవారిలో అధికులు బతికారు. ఎవరి వల్ల బతికామన్నది వారు తేల్చుకోవలసిన విషయం.

మంగళవారం

సాన్ ఫెలీపే నేరీ ప్రార్థనా మందిరం కోడిగుడ్డు ఆకారంలో, స్తంభాలు లేకుండా కట్టినది; మాట్లాడితే గొంతు అన్ని మూలలకూ వినబడుతుంది. నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను దాదాపు అంతటినీ ఆక్రమించి, 1810 నుంచి రెండున్నర ఏళ్ళ పాటు కాదిస్‌ను ముట్టడించిన కాలంలో, దేశపు ప్రతినిధులు ఇక్కడ కూర్చొని రాజ్యాంగం రాశారు. 1812 మార్చి 19న దానిని ప్రకటించారు. సార్వభౌమాధికారం రాజుది కాదు, జాతిది అని అది చెప్పింది. రాజకీయ భావాలను ముందస్తు అనుమతి లేకుండా అచ్చువేసే స్వేచ్ఛ ఇచ్చింది. అమెరికా వలసల ప్రతినిధులకూ సభలో చోటు ఇచ్చింది. ఆఫ్రికా సంతతి వారికి మాత్రం పౌరసత్వాన్ని సులభంగా ఇవ్వలేదు. 1814లో తిరిగివచ్చిన రాజు ఫెర్నాందో దానిని రద్దు చేశాడు. ఫిరంగి గుళ్ళు పడుతుండగా ఈ పని సాగించిన పట్టణం అప్పుడూ పాట మానలేదు; ఫ్రెంచివారి గుళ్ళలోని సీసంతో కాదిస్ ఆడవాళ్ళు జుట్టు ఉంగరాలు తిప్పుకుంటారని ఆనాడు కట్టిన పాటను ఇప్పటికీ పాడతారు.

కెథెడ్రల్‌ను 1722లో మొదలుపెట్టి 1838లో ముగించారు. మధ్యలో డబ్బు తగ్గిపోయిన సంగతి గోడే చెప్తుంది, కింది భాగపు రాయి ఒకటి, పై భాగపు రాయి వేరొకటి. లోపల కప్పు కింద వలలు కట్టారు. ఉప్పుగాలికి రాయి పొరలుగా లేచి రాలుతుంటుంది. సముద్ర మట్టానికి దిగువన ఉన్న నేలమాళిగలో ఫాయా సమాధి ఉంది. ఆయన 1946లో అర్జెంటీనాలో మరణించగా, మరుసటి ఏడు భౌతికకాయాన్ని ఓడలో ఇక్కడికి తెచ్చారు.

బుధవారం

క్రైస్తవ లోకంలో మిగతాచోట్ల ఈ రోజుతో కార్నివాల్ ముగిసి ఉపవాస కాలం మొదలవుతుంది. కాదిస్‌లో వచ్చే ఆదివారం దాకా పాటలు ఆగవు. నేను మాత్రం అద్దె కారు తీసుకొని తీరం వెంట దక్షిణంగా బోలోనియా అనే పల్లెకు వెళ్ళాను. అక్కడ సముద్రపు ఒడ్డునే బాయెలో క్లాడియా అనే రోమన్ పట్టణపు శిథిలాలు ఉన్నాయి. సభాస్థలం, గుళ్ళు, థియేటర్ ఉన్నాయి గాని, నేను చూడ వచ్చినది అలలకు కొద్ది గజాల దూరంలో నేలలోకి కట్టిన చేపల ఊరవేత తొట్లను. ట్యూనా ముక్కలను ఉప్పుతో పొరలు పొరలుగా పేర్చి ఇందులో ఊరబెట్టేవారు. పేగులనూ చిన్న చేపలనూ ఉప్పు వేసి ఎండలో మాగనిచ్చి తీసిన గారుమ్ అనే రసాన్ని జాడీలలో నింపి రోమ్ దాకా పంపేవారు. ఊళ్ళోకి ఇంత దగ్గరగా ఆ వాసనను ఎలా భరించారో అనుకుంటుండగా, పేదల ఇళ్ళు తొట్ల పక్కన, గుళ్ళు ఎగువన ఉన్న సంగతి గమనించాను.

చేప ఈనాటికీ అదే దారిన వస్తుంది. గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్ నుంచి మధ్యధరా సముద్రంలోకి పోయే నీలిరెక్క ట్యూనాలను, కొనిల్, బార్బాతె, సహారా, తరీఫా ఊళ్ళ దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా అల్మద్రాబా పద్ధతిలో పడతారు. సముద్రం అడుగుకు లంగర్లు వేసి నిలిపిన వలల చిట్టడవిలోకి చేపలు తామే ప్రవేశిస్తాయి. చివరి గదిలోని వలను చుట్టూ ఉన్న పడవలలోని మనుషులు పైకి లాగుతారు. రెండు వందల కిలోలు దాటిన చేపలు ఉంటాయి, వాటిలో కొన్ని జపాన్‌కు వెళ్తాయి. ఏటా ఎంత పట్టాలన్నదానికి అంతర్జాతీయ పరిమితి ఉంది.

ఫిబ్రవరిలో తాజా చేప ఉండదు కనుక, తిరుగు దారిలో బార్బాతెలో ఆగి మొహామా తిన్నాను. ట్యూనా నడుము కండను ఉప్పులో ఊరబెట్టి, కడిగి, గాలికి ఆరబెట్టగా ముదురు ఎరుపుకు తిరిగిన గట్టి కండ అది. దానిని రెపరెపలాడే ముక్కలుగా కోసి, ఆలివ్ నూనె చుక్కలు వేసి, వేయించిన బాదం పప్పుతో ఇచ్చారు. కాదిస్‌లో తిన్నవన్నిటిలో దీనికే నేను మొదటి స్థానం ఇస్తాను. తాజా ట్యూనా కోరుకునేవారు మే నెలలోనూ, పాటలు కోరుకునేవారు ఫిబ్రవరిలోనూ రావాలి; రెండూ ఒకే ప్రయాణంలో దొరకవు. కార్నివాల్‌కు వచ్చేవారు పాత పట్టణంలో గదిని నెలల ముందుగానే మాట్లాడుకోవాలి, లేకుంటే అఖాతానికి అవతల ఎల్ ప్వేర్తో దె సాంతా మరీయాలో దిగి, రేవు పడవలోనో రైలులోనో రోజూ వచ్చిపోవచ్చు.